బూరుగు మెత్తలో పదకొండు చిట్టీలు

ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. స్టాఫ్ రూములో బల్లకు అవతలి వైపు కూర్చోవడమే నాకు అలవాటు. పోయిన నెల మొదటిసారి ఇవతలి వైపు, పిల్లల పెద్దవాళ్ల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. నన్నక్కడ కూర్చోబెట్టింది నౌషీన్. మా చెల్లెలి మనవరాలు, హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏదో అసైన్‌మెంట్ ఇస్తే ఫోన్‌ను అడిగి రాయించుకుందట. ఫోన్ రాసింది బాగానే ఉంది గానీ, క్లాసులో ఇంకో పద్నాలుగు మందికి కూడా దాదాపు అవే వాక్యాలు రాసిపెట్టింది. పదిహేను మందీ ఇంటి నుంచి పెద్దవాళ్లను తీసుకురావాలన్నారు. నాన్నకు తెలిస్తే ముందు ఫోన్ గుంజుకుంటాడని దాని భయం. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు జర పెద్దమనిషి లెక్క వచ్చి కూసో చాలు. ఏం మాట్లాడకు. మొత్తం నేనే చూసుకుంట," అని బతిమాలింది.

వెళ్లాను, కూర్చున్నాను, ఏమీ మాట్లాడలేదు. ఆ లెక్చరర్ కుర్రవాడు నేను కూడా అదే పని చేసి రిటైరయ్యానని తెలిసి నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు, చాయ్ తెప్పించాడు. లైబ్రరీలో కూర్చుని చేత్తో మళ్లీ రాయాలని నౌషీన్‌కు శిక్ష పడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అది నా భుజం మీద తల పెట్టి, "నువ్వైతే ఎన్నడూ కాపీ కొట్టలే కదా అమ్మమ్మా?" అంది. "కొట్టలే," అన్నాను. అది నిజమే. నేను కాపీ కొట్టలేదు, ఇంకొకరు కొట్టడానికి రాసిచ్చాను. ఆ సంగతి ఆటోలో చెప్పేంత చిన్నది కాదు కాబట్టి ఇంటికి వచ్చాక చెప్పాను. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అది అడ్డం వచ్చి అడిగిన ప్రశ్నలు తీసేసి.

మాది తొర్రూరు దగ్గర పల్లె. నాన్నకు పత్తి చేను. ఇంటర్ అయ్యాక నన్ను డిగ్రీకి వరంగల్ పంపేటప్పుడు హాస్టల్ అనే మాటే ఇంట్లో రాలేదు. మట్టెవాడలో అమ్మ తమ్ముడు యాకూబ్ మామ ఉన్నాడు. మామది పరుపులు, తలకింద పెట్టుకునే మెత్తలు కుట్టే పని. రోడ్డు వైపు గదే దుకాణం, దాని వెనక రెండు గదులు, ఆ వెనక చిన్న వాకిలి, పైన డాబా. పొద్దున రొట్టె తిని లేవగానే మామ ముక్కుకు, నోటికి రుమాలు కట్టుకుని, మనిషంత పొడుగున్న విల్లును దూది కుప్పలోకి దించి, కొయ్య గుండుతో దాని తీగను కొట్టేవాడు. తుంయ్, తుంయ్ అని మోగినప్పుడల్లా గడ్డకట్టిన దూది విడిపోయి పొగలా పైకి లేచేది. ఆ మోతకు అలవాటు పడి మూడేళ్లు చదివాను. ఇప్పటికీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కదు.

ఆ ఇంట్లో దూది లేని చోటు లేదు. పప్పులో ఉండేది, చాయ్‌లో ఉండేది, నా జడలో ఉండేది. కాలేజీలో నా వెనక బెంచీ వాళ్లు జడలో నుంచి దూది పింజలు ఏరి, "ఇయ్యాల మూడే," అని చెప్పేవారు. చాంద్‌బీ అత్తమ్మ చాయ్‌ను రెండుసార్లు వడపోసి, కప్పు మీద సాసర్ బోర్లించి తెచ్చేది. "ఊదుకుంట తాగకు బిడ్డా, పక్కనున్నది లేసొచ్చి కప్పుల పడ్తది," అనేది. దూది లేచిపోతుందని ఇంట్లో ఫ్యాన్ పెట్టుకోలేదు. ఏప్రిల్ ఎండల్లో చుట్టాలు వచ్చి పైకప్పు వైపు ఆశగా చూస్తే, అత్తమ్మ చేతికి విసనకర్ర ఇచ్చి "మెల్లగ విసురుకోండ్రి" అని హెచ్చరించేది. శుక్రవారం మాత్రం విల్లు మోగేది కాదు. మామ తలస్నానం చేసి, ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, చెవిలో అత్తరు దూది పెట్టుకుని మసీదుకు బయల్దేరేవాడు. "ఆరు దినాలు దూదిల ఉండి ఏడో దినం చెవుల గూడ దూదే," అని అత్తమ్మ ప్రతి శుక్రవారం అనేది, మామ ప్రతి శుక్రవారం కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

మామకు దూది వాసనలు తెలుసు. పత్తిలో గింజల వాసన ఉంటుందనేవాడు. బూరుగు దూదికి ఏ వాసనా ఉండదు, అందుకే అది తలకింద పెట్టుకోవడానికి మంచిది. పాత పరుపులు విప్పి తీసిన దూదికి మాత్రం మనుషుల వాసన ఉంటుంది, తలనూనెలది, మందులది, చంటిపిల్లలది. పాతదాన్ని మళ్లీ ఏకి కొత్తదాంట్లో కలపడం ఆ పనిలో మామూలే. మామ కలిపేవాడు కాదు. గిరాకీ వస్తే పిడికెడు తీసి వాళ్ల చేతిలో పెట్టి, "చూసుకోండ్రి, మొత్తం కొత్తదే," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కొంచెం పొడుగయ్యేది.

మామ కూడబలుక్కుని చదవగలడు గానీ రాయడం సంతకం వరకే. కాబట్టి నేను వచ్చిన వారంలోనే చిట్టీలు రాసే పని నాకు వచ్చింది. చిట్టీ అంటే ఆ ఇంట్లో గలీబుకు దారంతో కుట్టే చిన్న కాగితం ముక్క. ఎవరిది, ఏమిటి, ఏ దూది అని మూడు సంగతులు బొటనవేలంత కాగితం మీద పట్టాలి. రాసి రాసి నా అక్షరాలు అంతకంతకు చిన్నవయ్యాయి. మామ అద్దాలు పైకీ కిందికీ జరుపుకుని చూసి, "చీమలు గూడ సదువుకునేటట్టున్నయి బిడ్డా," అని మురిసిపోయేవాడు. మా గల్లీలో ఆయన ఆ సంగతి చెప్పని మనిషి లేడు.

ఆ అక్షరాల మీద సలోమి కన్ను పడింది. సలోమిది ములుగు. వాళ్ల నాన్న అక్కడ చర్చిలో పాస్టర్. సలోమి హాస్టల్లో ఉండేది, క్లాసులో నా పక్కన కూర్చునేది, రజియా అన్న నా పేరును రజ్జో అని పిలిచేది, వారానికి రెండుసార్లయినా మా ఇంటికి వచ్చి అత్తమ్మ చేతి పచ్చిపులుసు తిని పోయేది. రెండో సంవత్సరం చలికాలంలో వాళ్లమ్మకు ఆరోగ్యం పాడై వరంగల్ దవాఖానాలో రెండు నెలలు పెట్టారు. మంచం పక్కన ఉండడానికి సలోమి తప్ప ఎవరూ లేరు. తల్లి కోలుకుని ఇంటికి పోయేసరికి మార్చి వచ్చింది, పుస్తకాలు మాత్రం జనవరిలో మూసినచోటే ఉన్నాయి. ఈసారి తప్పితే ఇక చదువు చాలించి ఇంటికి రమ్మని, తల్లికి తోడుండమని వాళ్ల నాన్న చెప్పి పోయాడు. ఆయన కోపంగా చెప్పలేదు, అదే కష్టం. కోపంగా చెప్పి ఉంటే కొట్లాడేది.

"మిగిలినయి ఎట్లనో గట్టెక్కుత రజ్జో. హిస్టరీ ఒక్కటి నాతోని కాదు. ఒక్కదానికి రాసియ్యవే," అంది ఒకరోజు, దుకాణంలో మెత్తకు వేలాడుతున్న నా చిట్టీని చూస్తూ.

స్నేహితురాలి మీద జాలితో ఒప్పుకున్నానని చెప్పుకుంటే బాగుండేది. జాలి ఉంది, లేదని కాదు. కానీ ఆ చిన్న అక్షరాలతో ఏకంగా ప్రపంచ చరిత్ర మొత్తం రాయవచ్చన్న ఆలోచన నాకు విపరీతంగా నచ్చింది. గాలిపటాల కాగితం తెచ్చాను, మడిస్తే చప్పుడు తక్కువని అనుకున్నాను. రెండు వేళ్ల వెడల్పున కత్తిరించాను. మధ్యాహ్నం నమాజు తర్వాత అత్తమ్మ నడుం వాల్చినప్పుడు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని నాలుగు రోజులు రాశాను. ఫ్రెంచి విప్లవానికి మూడు, పారిశ్రామిక విప్లవానికి మూడు, మిగిలినవన్నీ కలిపి అయిదు, మొత్తం పదకొండు చిట్టీలు. సిగ్గులేని సంగతి ఇంకొకటి, ప్రతిదానికీ చుట్టూ ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

రాయడం పూర్తయిన రోజు, కట్ట కట్టడానికి దారం కోసం కిందికి దుకాణంలోకి వచ్చాను. అప్పుడే అత్తమ్మ లోపలి నుంచి, "రజియా, తొర్రూరు సంది మీ నాయిన వచ్చిండు," అని కేక వేసింది. చేతిలో చిట్టీలు, గుమ్మంలో నాన్న గొంతు. మూలన సగం నింపి వదిలిన మెత్త ఒకటి నోరు తెరుచుకుని ఉంది. కట్ట దాంట్లోకి తోసి లోపలికి పోయాను. నాన్న తెచ్చిన కంకులు, ఇంటి ముచ్చట్లు, తమ్ముడి జ్వరం, వీటిల్లో పడి సంగతే మరిచిపోయాను. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి చూస్తే మూల ఖాళీగా ఉంది.

"ఈడున్న మెత్త ఏది మామా?"

"గదా? పొద్దుగాల్లనే నింపి కుట్టి, రిక్షాల పోయి ఇచ్చొచ్చిన. నువ్వే రాస్తివి కదా చిట్టీ. మీ వసంత మేడం."

వసంత మేడం మా హిస్టరీ లెక్చరర్. ఆమెకు మెడనొప్పి. బూరుగు దూది మెత్త మీదనే పడుకోవాలని డాక్టర్ చెబితే, మా ఇంటి పని తెలిసి నాతోనే రెండు చెప్పి పంపింది. మెడ తిరగదు కాబట్టి ఆమె ఎవరివైపు చూడాలన్నా మనిషి మొత్తం తిరిగేది. వెనక బెంచీలో ఎవరైనా గుసగుసలాడితే బోర్డు దగ్గర చీర కొంగు, చేతిలో సుద్దముక్క, భుజాలు, అన్నీ కలిసి మెల్లగా మా వైపు తిరగడం చూస్తే మామూలు కోపం కంటే ఎక్కువ భయం వేసేది.

నేనూ సలోమీ ఆ సాయంత్రమే హనుమకొండలో ఆమె ఇంటికి పోయాం. దారి పొడుగునా సలోమి నన్ను తిడుతూనే ఉంది. "ఒక్క పని చెప్తే పట్కపోయి మేడం మెత్తల పెడ్తవా? ఊరు మొత్తంల నీకింకో మెత్త దొరకలేదా?"

మేడం తలుపు తీసింది. నేను దారిలో కట్టుకున్న మాట అప్పజెప్పాను. "మేడం, మామ పంపించిండు. ఒక మెత్తకు కుట్టు సరిగ్గ పడలేదట. ఇస్తే రేపు మళ్ల తెచ్చిస్త."

"ఏ మెత్తకు?"

అది మేం ఆలోచించలేదు. రెండూ ఒకే గలీబు, ఒకే కొలత. "రెండూ ఇయ్యండ్రి మేడం," అంది సలోమి.

"రెండూ ఇస్తే నేను దేనిమీద పండుకోవాలె? కుట్టు మంచిగనే ఉన్నది, నేను చూసుకున్న. గని ఒకటి మాత్రం తల పెట్టినప్పుడల్లా గరగరమంటాంది. ఎందుకో మీ మామను అడుగు."

"బూరుగు గింజలుంటయి మేడం," అన్నాను.

ఆమె మొత్తం నా వైపు తిరిగింది. "గింజలు కాగితం లెక్క గరగరమంటయా రజియా?"

మేం నమస్తే చెప్పి మెట్లు దిగాం. ఆ తర్వాత రెండు రోజులు నాకు ఇంట్లో తిన్నది తెలియదు, కాలేజీలో విన్నది తెలియదు. సలోమి మాటలు మానేసింది, మా ఇంటికి రావడం కూడా మానేసింది. పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులుంది.

మూడో రోజు మధ్యాహ్నం మా దుకాణం ముందు రిక్షా ఆగింది. వసంత మేడం మెత్తను చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామ విల్లు పక్కన పెట్టి, రుమాలు విప్పి, స్టూలు తుడిచి వేశాడు. నేను లోపలి గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె కూర్చుని, కుట్టు విప్పిన మెత్తను మామ ముందు పెట్టింది.

"యాకూబ్ భాయ్, దీంట్ల బూరుగు దూది అని చెప్పిండ్రు. పైన పైన అదే ఉన్నది. నడుమ ఏమున్నదో మీరే చూడుండ్రి."

మామ చెయ్యి లోపలికి పెట్టాడు. బయటికి వచ్చిన దూది తెల్లగా లేదు, బూడిద రంగులో ఉంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోలేదు, అవసరం లేదు. నాకు గుమ్మం దాకా వచ్చింది ఎవరిదో పాత కొబ్బరినూనె వాసన. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు మొదట కలిగింది సంతోషం. ఆమె వచ్చింది నా సంగతి కోసం కాదు! అప్పుడు మేడం సంచిలోంచి కళ్లజోడు డబ్బా తీసి తెరిచింది. అందులో ఎర్ర గీతలతో నా పదకొండు చిట్టీలు ఉన్నాయి.

"ఇవి గూడ నడుమనే ఉన్నయి," అంది.

మామ ఒక చిట్టీ తీసి చూశాడు. చదవలేదు. చదవనక్కరలేదు, వరంగల్ మొత్తంలో ఆ సైజు అక్షరాలు ఒక్కరివే. వెనక వంటింట్లో అత్తమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన నా వైపు చూస్తాడనుకున్నాను, చూడలేదు. దూది ముద్దను, చిట్టీని పక్కపక్కన చాప మీద పెట్టాడు.

"దూది నాది మేడం," అన్నాడు. కొంచెం దగ్గి, "రాత మా బిడ్డది. రెండూ మా ఇంట్లయే," అన్నాడు.

తర్వాత ఆయనే చెప్పుకుపోయాడు. బూరుగు కాయలు ఏటూరునాగారం అడవి నుంచి వస్తాయి. ఆ ఏడు కాయ పగిలే వేళకు వాన పడి దూది తడిసి పాడైంది, సరుకు రాలేదు. మాట ఇచ్చినవాళ్లు మాత్రం రోజూ వచ్చి అడుగుతున్నారు. పాత పరుపు ఒకటి విప్పి ఏకి నడుమ పెట్టాడు. "పైన కొత్తది కప్పితే తెల్వదనుకున్న," అన్నాడు తలవంచుకుని.

"నేను గూడ తెల్వదనుకున్న మేడం," అన్నాను. నేను అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

మేడం స్టూలు మీద మొత్తంగా వీధి వైపు తిరిగిపోయింది. నవ్విందని నా నమ్మకం, భుజాలు కదిలాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి మాత్రం ముఖం మామూలు లెక్చరర్ ముఖమే.

"పరీక్ష హాల్లకు రాని చిట్టీ మీద నాకు పవర్ లేదు. వచ్చిందనుకో, నా మెత్త కుట్టిన ఇంటి పిల్లవని చూడ. నేనే డిబార్ చేస్త. ఇవన్ని నీకు వచ్చు, నీ కోసం రాసుకోలే. ఎవలకు రాసినవ్?"

నేను నేల చూశాను. ఆమె ఒక నిమిషం చూసి వదిలేసింది. "సరే. ఐదో చిట్టీల రెండు తప్పులున్నయి, దిద్దుకో," అని చెప్పి లేచింది. అసలు బూరుగు వచ్చినప్పుడే మెత్త చేసి ఇమ్మని, అంతవరకు ఆ రెండోదానితో సర్దుకుంటానని మామకు చెప్పి రిక్షా ఎక్కింది. రెండోదాని నడుమ ఏముందో ఆమె అడగలేదు, మామ చెప్పలేదు.

ఆ రోజు మామ నన్ను తిట్టలేదు. ఏ ముఖంతో తిడతాడు? నేను ఆయన ముఖం చూడలేదు. ఏ ముఖంతో చూస్తాను? ఇద్దరికీ కలిపి అత్తమ్మే తిట్టింది. "ఒకలు నడుమ దూది దాస్తరు, ఒకలు ఆ దూదిల కాగితాలు దాస్తరు. మామకు మంచి మేనకోడలే దొరికింది," అంటూ రొట్టెలు రోజుకంటే గట్టిగా కొట్టింది.

సాయంత్రం చల్లబడ్డాక మామ అద్దాలు పెట్టుకుని, చిట్టీలను మోకాలి మీద పరుచుకుని కూర్చున్నాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. "ఇం...గ్లం...డు. యం...త్రా...లు. బిడ్డా, దీంట్ల దూది సంగతి ఉన్నదే!" అన్నాడు ఆశ్చర్యంగా. మా మధ్య అయిదారు గంటల తర్వాత అదే మొదటి మాట. "ఇంగ్లండ్‌ల పత్తి పండుతదా?"

"పండది మామా. మన దిక్కు నుంచి, ఇంకా వేరే దేశాల నుంచి ఓడల పోయేది. ఆడ మిషన్లు పెట్టి దారం తీసిండ్రు."

"మరి చేత్తోని వడికేటోళ్లు, ఏకేటోళ్లు ఏమైండ్రు?"

నాకు తెలియదు. చిట్టీలో అది లేదు, నేను చూసి రాసిన గైడులోనూ లేదు. లేచి అటక మీది టెక్స్ట్ పుస్తకం తీశాను. ఇద్దరం ఆ పేజీ చదివాం. మామ మోకాలి మీది చిట్టీలను మళ్లీ కట్టగా పెట్టాడు. "అంటే దూది పనోళ్ల పొట్టనే ముందు కొట్టిండ్రన్నట్టు," అన్నాడు చివరికి, నిన్ననో మొన్ననో జరిగిన సంగతిలా బాధపడి. తర్వాత, "రేపు ఆ ములుగు పిల్లను తోల్కరా," అన్నాడు.

"ఏ పిల్లను?" అన్నాను.

"నాలుగు దినాల సంది పచ్చిపులుసుకు రాని పిల్లను."

సలోమి తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చింది. మామ ఆమెను చాప మీద కూర్చోబెట్టి, విల్లు చేతిలోకి తీసుకుని, "నేను పని చేసుకుంట వింట. ఆ ఫ్రెంచోళ్లు రాజు మీద ఎందుకు తిరగబడిండ్రో చెప్పు," అన్నాడు. సలోమి నా వైపు చూసింది. నేను పుస్తకం చూపించాను. ఆమె చదివి చెప్పడం మొదలుపెట్టింది, విల్లు తుంయ్ తుంయ్ మని మోగుతోంది. ఒకచోట మోత ఆగింది. "ఆగు. రొట్టె దొరకకనా, పన్నులకా? ఏది ముందు?" సలోమి మళ్లీ పుస్తకం చూసుకుని చెప్పింది. విల్లు మోగింది. అలా ఏడు రోజులు నడిచింది. మోత ఆగితే మామకు అర్థం కానట్టు, మళ్లీ మోగితే అర్థమైనట్టు. ఆయనకు తేదీలు అక్కర్లేదు, రాజుల పేర్లు అక్కర్లేదు. ఎందుకు, ఆ తర్వాత ఏమైంది, ఈ రెండే అడిగేవాడు. ఆరో రోజుకు సలోమి గొంతులో గాబరా పోయింది. మోత ఆగకుండా పావుగంట సేపు మాట్లాడింది, ఆమె జడ నిండా దూది పింజలు.

పరీక్షలో పారిశ్రామిక విప్లవమే పడింది. సలోమి ఏడు పేజీలు రాసింది. వసంత మేడం ఆ హాల్లోనే డ్యూటీ చేసింది. మా వరసలోకి వచ్చి, మా బల్లల దగ్గర నిలబడి, మొత్తం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి చూసి వెళ్లిపోయింది. ఫలితాలు వచ్చాయి. హిస్టరీలో సలోమి పాస్, మంచి మార్కులు కూడా. ఎకనామిక్స్ మాత్రం తప్పింది. దానికి మామ లేడు మరి. వాళ్ల నాన్న హాస్టల్ నుంచి సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆయన ముందు సలోమి ఏడుస్తూ, "ఒక్కటి తప్పిన నాయినా. గని హిస్టరీ మాత్రం నేనే రాసిన," అందట. "నువ్వు గాక ఇంకెవలు రాస్తరు బిడ్డా?" అని ఆయన అమాయకంగా అడిగేసరికి దానికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయట. మొత్తం చెప్పేసింది. ఆయన సామాను కట్టడానికి తెచ్చిన తాళ్లు మళ్లీ సంచిలో పెట్టుకుని, ఆ ఒక్కటి సెప్టెంబర్‌లో కట్టమని చెప్పి ఒక్కడే బస్సెక్కాడు. సలోమి ఆ ఒక్కటీ రాసి, తర్వాత టీచరై, ములుగులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది.

మే నెలలో ఏటూరునాగారం నుంచి బస్సు పైన రెండు బస్తాల మంచి బూరుగు దూది వచ్చింది. మేడం మెత్తలు రెండూ విప్పి కొత్తగా కుట్టాక, మామ ఆ ఏడు పాతది కలిపిన మిగతా ఇళ్లు గుర్తు చేసుకుని ఒక్కొక్కటిగా తిరిగాడు. మోయడానికి నన్ను తీసుకుపోయాడు. ప్రతి గుమ్మంలోనూ, "జర కుట్టు తప్పు పడ్డది, మల్ల కుట్టిస్త," అనేవాడు. దూది సంగతి ఒక్కచోట కూడా చెప్పలేదు. ఒక మోసాన్ని సరిచేయడానికి ఇంకో చిన్న అబద్ధం ఆడుతున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలుసు. గిర్మాజీపేటలో ఒక ముసలమ్మ మెత్తను రెండు చేతులతో పట్టుకుని, "నాకు మంచి నిద్ర పడతాంది, నువ్వు తీస్కపోకు," అని మొండికేసింది. మామ ఆమె గడప మీద కూర్చుని అరగంట బతిమాలి, చివరికి కొత్త మెత్త ఆమె చేతిలో పెట్టాకే పాతది తీసుకున్నాడు. ఆమె కొత్తదాన్ని నొక్కి చూసి, "గిదే గట్టిగున్నది," అంది. మామ దారి పొడుగునా నవ్వాడు.

నేను లెక్చరర్‌నయ్యాక ఎన్నో హాళ్లలో డ్యూటీలు చేశాను. మొదట్లో చేతిరాత చిట్టీలు దొరికేవి. తర్వాత జిరాక్స్ మిషన్ల మీద పుస్తకం పేజీని అగ్గిపెట్టెంత చేసి తెచ్చేవారు. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. పట్టుకున్నాను, కొందరిని డిబార్ కూడా చేశాను. మేం చేసింది వీళ్లు చేసినదాని కంటే గొప్పదని నేను చెప్పను. మోసం మోసమే. నౌషీన్ కూడా అదే పట్టుకుంది. "అంటే చేత్తోని రాసి మోసం చేస్తే మంచిదా అమ్మమ్మా?" అంది. కాదన్నాను. కాకపోతే నా ఐదో చిట్టీలో రెండు తప్పులున్నాయని మేడం చెప్పగానే అవేమిటో నాకు తెలిసిపోయాయి. "నీ అసైన్‌మెంట్‌ల తప్పులున్నయో లేవో నీకు తెలుసా?" అని అడిగితే అది ఫోన్ వైపు చూసి, "ఉండయనుకుంట," అంది. దానికి లేనిది తెలివి కాదు. అది చెబుతుంటే పని చేసుకుంటూ విని, అర్థం కానిచోట ఆగు అనే మనిషి చుట్టుపక్కల ఎవరూ లేరు. పదిహేను మంది రాసింది ఒకలాగే ఉందని లెక్చరర్ పట్టుకున్నాడు, పాపం ఆయనకు మాత్రం ఎంతమంది పిల్లలు! ఆ సాయంత్రం కూర్చోబెట్టి, నీ అసైన్‌మెంట్ దేని మీదో నాకు చెప్పమన్నాను. సగం దూరం వచ్చాక నాకు అర్థం కాలేదన్నాను. దానికి కోపం వచ్చింది. మళ్లీ చెప్పింది.

మామ సంగతి ఒకటి మిగిలింది. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, తల నెరిశాక, రాత్రిపూట కూర్చుని రాయడం నేర్చుకుని, పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టాడు. ఎందుకు మామా అంటే, "మీ ఇద్దర్ని నేను అడిగిన, నన్ను ఎవలూ అడగలే," అన్నాడు. ఊరవతల ఒక బడిలో సెంటర్ పడింది. మొదటి రోజు అక్కడికి పోయి చూస్తే, కిటికీల నుంచి చిట్టీలు వచ్చి పడుతున్నాయట. పక్క బెంచీ అతను పెద్దాయన కదా అని మర్యాదగా తన కాగితం జరిపి, "రాసుకో కాకా," అన్నాడట. మామ అద్దాలు సరిచేసుకుని, "నా కండ్లకు ఆనుతలేదు బిడ్డా," అని చెప్పి తనకు వచ్చింది తాను రాసుకున్నాడు. అన్నింట్లో తప్పాడు, సోషల్ ఒక్కదాంట్లో తప్ప. ఆ మార్కుల మెమోను అద్దం కట్టించి దుకాణంలో గోడకు వేలాడదీశాడు. ఫెయిలయిన మెమోకు అద్దమేమిటని అత్తమ్మ మొత్తుకుంది, వినలేదు. గిరాకీకి వచ్చినవాళ్లు తలెత్తి చూసి, "పరీక్ష రాసినవా యాకూబన్నా? ఎన్నిట్ల పాసైనవ్?" అని అడిగేవారు.

మామ విల్లు ఆపేవాడు. "ఒక్కదాంట్ల," అనేవాడు, మెడ కొంచెం పొడుగు చేసి. "గని అది నాదే."